గుర్రమెక్కి బల్లెం పట్టాలంటే: ఏ దారి ఎవరికి?

డాలస్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఆ మధ్య ఫోన్ చేసి, "అక్కా, ఉక్కు శిరస్త్రాణం కొనేశాను. గుర్రపు స్వారీ ఎక్కడ నేర్చుకోవాలో ఇప్పుడు చెప్పు" అన్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి, వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి. ఏప్రిల్‌లో ఒక ఆదివారం వాక్సహాచీలో జరిగే స్కార్‌బరో రెనైసాన్స్ ఫెస్టివల్‌కు, అంటే పాతకాలపు యూరప్ వేషాలతో సాగే మేళాకు, పిల్లలను తీసుకెళ్లాడు. కవచాలు తొడుక్కుని, బల్లేలు చాచి ఎదురెదురుగా దూసుకొచ్చిన రౌతులను చూసి వచ్చిన దగ్గర నుంచి వాడికి వేరే ధ్యాస లేదు.

ఆ పిచ్చి నాకు తెలుసు. మేరీల్యాండ్‌లో ఎనిమిదేళ్లుగా స్వారీ చేస్తున్నాను. అందులో ఆరేళ్లు బల్లెంతో ఉంగరాలు అందుకునే పోటీల్లోనే గడిచాయి. వాడికి ఆ రోజు చెప్పిన మొదటి మాటే ఇక్కడా చెబుతాను: కవచాన్ని చూసి దారి ఎంచుకోకండి. గుర్రం మీద మీరు ఎంత నిలకడగా కూర్చోగలరు, మీకు దొరికే గుర్రం ఎంత బరువు మోయగలదు అన్నవి చూసి ఎంచుకోండి. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని మన పెద్దలు ఊరికే అనలేదు. ఉక్కు తొడుక్కున్నంత మాత్రాన రౌతు గట్టివాడైపోడు.

అమెరికాలో ఉన్నవారికి ప్రధానంగా నాలుగు దారులు కనిపిస్తాయి: ఉంగరాల పోటీ, మధ్యయుగ జీవితాన్ని పునఃసృష్టించే సంఘాల్లో గుర్రపు ఆటలు, ఉక్కు కవచంతో ఎదురెదురుగా తలపడే అసలు జౌస్టింగ్, మేళాల్లో ప్రదర్శన. ఈ నాలుగూ బయటి నుంచి ఒకేలా కనిపిస్తాయి. లోపలికి వెళ్తే ఖర్చులో, ప్రమాదంలో, పట్టే కాలంలో పోలికే ఉండదు.

ఉంగరాల పోటీ

మేరీల్యాండ్ 1962లో జౌస్టింగ్‌ను తన అధికారిక క్రీడగా ప్రకటించింది. అమెరికాలో ఒక రాష్ట్రం అలా ఒక క్రీడను ప్రకటించుకోవడం అదే మొదటిసారి. పేరు విని ఇద్దరు రౌతులు ఢీకొంటారని అనుకుంటారు గానీ ఇందులో ఎదుటి మనిషే ఉండడు. 80 గజాల బాట, దాని మీద మూడు కమానులు, ఒక్కో కమానుకు నేల నుంచి 6 అడుగుల 9 అంగుళాల ఎత్తున వేలాడే ఒక్కో ఉంగరం. 8 సెకన్లలో బాట దాటుతూ ఆ మూడింటినీ బల్లెం మొనకు ఎక్కించుకోవాలి. లెక్క వేస్తే గంటకు దాదాపు 33 కిలోమీటర్ల వేగం. కొత్తవారికి కట్టే ఉంగరం సుమారు ఒకటీ ముప్పావు అంగుళం, చంటిపిల్ల గాజంత ఉంటుంది. చేయి తిరిగినవారికి అది తగ్గుతూ తగ్గుతూ పావు అంగుళానికి వస్తుంది. అంటే కందిగింజ పట్టేంత సందు!

మొదటి మూడు నెలలు నాకు ఒక్క ఉంగరమూ దక్కలేదు. బల్లేన్ని చేత్తో సరిచేయాలని చూసేదాన్ని. గుర్రం వేసే ప్రతి అంగకూ మొన జానెడు పైకి లేచి జానెడు కిందికి దిగేది. ఒక సాయంత్రం నేర్పే ఆవిడ బల్లెం లాగేసుకుని, నా చేతికి నీళ్లు నింపిన కాగితపు కప్పు ఇచ్చి, క్యాంటర్‌లో, అంటే దౌడు కన్నా కాస్త నెమ్మదైన పరుగులో, అదే బాట మీద పదిసార్లు తిప్పింది. మొదటి రౌండుకే మోచేతి దాకా తడిసింది. ఏడో రౌండుకు మడమలు కిందికి దిగాయి, మోకాళ్లు కుదుపును మింగడం మొదలుపెట్టాయి, కప్పులో సగం నీళ్లు మిగిలాయి. ఆ తర్వాత బల్లెం తిరిగి ఇచ్చింది. రెండో కమాను దగ్గర 'టిక్' అని చిన్న చప్పుడు. ఉంగరం ఇనుప మొన మీదుగా జారి కర్ర దాకా వచ్చి ఆగింది. ఆ చప్పుడు కోసమే ఇప్పటికీ ప్రతి శనివారం పొద్దున్నే లేస్తున్నాను.

ఈ దారిలో నాకు బాగా నచ్చింది మనుషులు. పోటీలు చాలావరకు చర్చి మైదానాల్లో, ఊరి జాతరల్లో జరుగుతాయి. తాత, కూతురు, మనవరాలు ఒకే రోజు బరిలోకి దిగిన కుటుంబాలను చూశాను. చిన్నపిల్లల గుర్రాన్ని పెద్దవాళ్లు పగ్గం పట్టి నడిపిస్తారు. ఆడ, మగ అన్న విభజన లేదు, నైపుణ్యాన్ని బట్టే తరగతులు. ప్రతి రౌతూ ఒక బిరుదు పెట్టుకుంటాడు. తన ఊరి పేరో, తన పొలం పేరో చేర్చుకున్న ఆ బిరుదుతోనే మైకులో పిలుస్తారు. పక్కనే వర్జీనియాలోని మౌంట్ సోలన్‌లో ఇలాంటి పోటీ 1821 నుంచి జరుగుతోందని అక్కడివారు గర్వంగా చెబుతారు.

ప్రత్యేకమైన గుర్రం అక్కర్లేదు. తిన్నగా, ఒకే వేగంతో పరిగెత్తే క్వార్టర్ హార్స్ అనే మామూలు అమెరికన్ జాతి గుర్రం చాలు. కవచం లేదు, బల్లెం ఇంట్లో చేసుకునేవారూ ఉన్నారు. లోటల్లా ఒకటే: ఈ పోటీలు మేరీల్యాండ్, వర్జీనియా చుట్టుపక్కలే ఎక్కువ. టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉన్నవారికి దగ్గరలో సంఘం దొరకడం కష్టం. వేషధారణ మీద మనసున్నవారికి కూడా ఇక్కడ ఆకలి తీరదు. చాలామంది జీన్సు ప్యాంటులోనే స్వారీ చేస్తారు.

సంఘాలు, గుర్రపు ఆటలు

వేషం, వంట, నాట్యం, గుడారాలు, వీటన్నిటి మధ్య గుర్రం కూడా కావాలనుకుంటే సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రానిజం వైపు చూడండి. అందరూ ఎస్‌సీఏ అంటారు. 1966లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక ఇంటి పెరటి వేడుకగా మొదలైంది. 17వ శతాబ్దానికి ముందటి దుస్తులు ధరించే ప్రయత్నం చేయడమే లోపలికి రావడానికి షరతు. భూభాగాన్ని 'రాజ్యాలు'గా పంచుకున్నారు. టెక్సస్, ఓక్లహోమా ప్రాంతం ఆన్‌స్టియోరా. మేమున్న మేరీల్యాండ్, వర్జీనియా, కరోలినాలు అట్లాంటియా. మా తమ్ముడికి నేను చూపిన దారి ఇదే.

ఇక్కడ గుర్రపు ఆటలు చాలా రకాలు: ఉంగరాలు, నిలబెట్టిన బొమ్మ తలలను కత్తితో పడగొట్టడం, బల్లెం విసరడం, గుర్రం మీంచి విలువిద్య, క్వింటైన్. క్వింటైన్ అంటే నిలువు గుంజ మీద తిరిగే అడ్డకర్ర. ఒక కొసన డాలు, రెండో కొసన ఇసుక సంచి. డాలును కొట్టి వెంటనే ముందుకు సాగిపోవాలి. నెమ్మదిస్తే గిర్రున తిరిగొచ్చిన సంచి వీపున తగులుతుంది. తలపడాలన్న కోరిక ఉన్నవారికి మెత్తని నురుగు మొన ఉన్న బల్లేలతో జౌస్టింగ్ కూడా ఉంది. ఆటల్లో పాల్గొనాలంటే ముందు గుర్రం మీ అదుపులో ఉందని అక్కడి అధికారికి చూపించి అనుమతి తెచ్చుకోవాలి. నాకు ఈ పద్ధతి మీద గౌరవం ఉంది. డబ్బుంటే చాలదు, ఎవరైనా చేసి చూపించాల్సిందే.

చేరే ముందు ఒక సంగతి గుర్తుంచుకోండి. ప్రతి సమావేశానికీ గుర్రాలు రావు. బీమా, స్థలం, ట్రెయిలర్లు అన్నీ కుదిరిన చోటే ఈ ఆటలుంటాయి. కాబట్టి మీ ప్రాంతపు క్యాలెండర్‌లో గుర్రాలున్న సమావేశాలు ఏడాదికి ఎన్నో లెక్కపెట్టుకున్నాకే ఆశ పెంచుకోండి. గుర్రం లేనివారికి అరువిచ్చే మంచి మనసున్నవాళ్లు ఉంటారు. కానీ ముందు వాళ్ల సాలలో పేడ ఎత్తి, గుర్రానికి మాలిష్ చేసి, నాలుగు నెలలు మొహం చూపించాలి. బట్టల విషయంలో భయం లేదు. కొత్తవారికి అరువిచ్చే బట్టలు చాలా చోట్ల సిద్ధంగా ఉంచుతారు.

ఉక్కు కవచంతో తలపడటం

అందరి కళ్లూ దీని మీదే. అందుకే కాస్త వివరంగా చెప్పాలి.

ఇద్దరు రౌతుల మధ్య పొడవునా ఒక అడ్డుగోడ ఉంటుంది. గుర్రాలు ఒకదానితో ఒకటి ఢీకొనకుండా 15వ శతాబ్దంలో వచ్చిన ఏర్పాటు అది. ఎదుటి రౌతు మీ ఎడమ వైపు నుంచి వస్తాడు. బల్లెం మీ కుడి చంకలో, దాని మొన గుర్రపు మెడ మీదుగా ఎడమకు వాలి ఉంటుంది. ఎడమ భుజం మీది డాలే లక్ష్యం. ఈనాడు ఎక్కువ చోట్ల బల్లెం చివర తేలికగా విరిగే బాల్సా కర్ర ముక్క బిగిస్తారు. గట్టి కర్ర బల్లేలతో తలపడే పోటీలు వేరే ఉన్నాయి. వాటిలో మనిషి జీనులోంచి ఎగిరి పడటం మామూలే.

కర్ర పేళ్లు ఎంత పని చేస్తాయో 1559 జూన్ 30న పారిస్ చూసింది. ఫ్రాన్స్ రాజు రెండో హెన్రీ తన సొంత ఇంటి పెళ్లి వేడుకల పోటీలో దిగాడు. విరిగిన బల్లెం పేడు శిరస్త్రాణం సందులోంచి కంటి పైన దిగింది. ఆనాటి గొప్ప వైద్యులు చుట్టూ ఉన్నా పది రోజులకు ప్రాణం పోయింది. దెబ్బ తగిలే క్షణంలో తల కాస్త పైకెత్తితే కంటి సందు మూసుకుపోయేలా చేసిన 'కప్పనోటి' శిరస్త్రాణాలు అంతకు చాలా ముందే ఉండేవి. అవి పెట్టుకుంటే ముందుకు వంగినప్పుడే దారి కనిపిస్తుంది. చివరి క్షణం గుడ్డిగా, గుర్రాన్ని నమ్ముకుని పోవాల్సిందే. ఒకసారి మిత్రులొకరు అలాంటిది నా తలకు పెట్టి చూపించారు. బయటి మాటలన్నీ దూరమైపోయి నా ఊపిరి నాకే బావిలోంచి వినిపించింది. నిలబడిన చోట నిలబడే నాకు చెమటలు పట్టాయి.

ఇక గుర్రం లెక్క. రౌతు, జీను, సామాను అన్నీ కలిపి గుర్రం బరువులో ఐదో వంతు మించకూడదన్నది స్వారీ చేసేవాళ్లలో చాలామంది పాటించే సూత్రం. మీరు 75 కిలోలు, కవచం 35, వెనక ఎత్తుగా ఉండే జౌస్టింగ్ జీను 15 అనుకోండి. మొత్తం 125. అంటే గుర్రం 625 కిలోలుండాలి. స్వారీ బడుల్లో దొరికే గుర్రాలు ఎక్కువగా 450 నుంచి 550 మధ్య ఉంటాయి. అందుకే ఈ రంగంలో పెర్షెరాన్ వంటి బరువు లాగే జాతులో, వాటి సంకరాలో కనిపిస్తాయి. బరువు ఒక్కటే కాదు, కంటి పక్కన ఊగే కర్రకు, ఉక్కు గలగలకు, రెపరెపలాడే జెండాకు బెదరకుండా దాన్ని నెలల తరబడి అలవాటు చేయాలి. బెదిరిన గుర్రం మీద బల్లెంతో ఉండటం కన్నా ఘోరం ఇంకొకటి లేదు.

ఖర్చు చెబుతాను. మా చుట్టుపక్కల స్వారీ పాఠం ఒక్కోటి 60 నుంచి 100 డాలర్లు. సొంత గుర్రాన్ని సాలలో ఉంచితే నెలకు 500 నుంచి 1000. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెత ఇక్కడికొచ్చాక నాకు పూర్తిగా అర్థమైంది. వానాకాలం మీరు స్వారీ చేయకపోయినా అది తింటూనే ఉంటుంది, లాడాలు కొట్టించాల్సిందే, వైద్యుడు రావాల్సిందే. దాని పైన కొలతలకు చేయించిన కవచం కొన్ని వేల డాలర్లు. నా సలహా సూటిగా ఇదీ: మూడేళ్ల స్వారీ, పగ్గాల మీద ఆధారపడకుండా క్యాంటర్ చేయగల నిలకడ, పక్కన నిలబడి నేర్పే అనుభవమున్న బృందం, ఈ మూడూ లేనివారు దీని జోలికి వెళ్లకండి. మూడూ ఉన్నవారికి నా సలహాతో పనిలేదు.

మేళాల్లో ప్రదర్శన

మేరీల్యాండ్‌లోని క్రౌన్స్‌విల్, టెక్సస్‌లోని టాడ్ మిషన్, వాక్సహాచీ వంటి చోట్ల పెద్ద మేళాలు జరుగుతాయి. అక్కడ తలపడేవారు జీతానికి పనిచేసే నటులు, సాహసికులు. వారాంతమంతా రోజుకు మూడు నాలుగు ఆటలు వేస్తారు. మనవాళ్లు ముఖ్యంగా గమనించాల్సింది వీసా. హెచ్-1బి మీద ఉన్నవారు తమ యజమాని దగ్గర తప్ప ఇంకొకరి దగ్గర జీతానికి పనిచేయకూడదు. చదువుకునే పిల్లలకూ కట్టుబాట్లున్నాయి. 'సరదాగా రెండు వారాలు, చేతికి కాస్త డబ్బు' అని ఎవరైనా పిలిస్తే ముందు న్యాయవాదిని అడగండి. చూడటంతో తృప్తిపడేవారికి భోజనం పెడుతూ జౌస్టింగ్ ప్రదర్శించే మెడీవల్ టైమ్స్ సంస్థ కోటలు డాలస్, న్యూజెర్సీలోని లిండ్‌హర్స్ట్, షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లలో ఉన్నాయి. అక్కడ భోజనం చేత్తోనే తినాలి. పిల్లలకు అదొక సంబరం.

ఇంగ్లండ్‌లో ఉన్నవారు జులైలో అరుండెల్ కోటకు, ఈస్టర్ రోజుల్లో లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్‌కు వెళ్లి చూసి రండి. ఆ తర్వాత నిర్ణయించుకోవచ్చు.

హైదరాబాద్, విశాఖల నుంచి అడిగేవారికి వేరే జవాబుంది. మన దగ్గర యూరప్ తరహా జౌస్టింగ్ కోసం వెతకడం కన్నా టెంట్ పెగ్గింగ్ వైపు చూడటం మేలు. దౌడు తీసే గుర్రం మీంచి నేలలో పాతిన మేకును బల్లెంతో పెకలించే ఆట ఇది. సైన్యంలో, పోలీసు దళాల్లో ఇప్పటికీ జీవంతో ఉంది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో పోటీగా కూడా పెట్టారు. దాని అంశాల్లో ఉంగరం అందుకుని ఆ వెంటనే మేకును లేపేది ఒకటుంది. నేను ఇక్కడ చేసేదానికి అది అక్కలాంటిది, ఇంకా కష్టమైనది. మార్వారీ వంటి మన గుర్రాలు సన్నని, చురుకైన జాతులు. వాటి మీద 35 కిలోల ఉక్కు మోపాలని ఎవరూ అనుకోవద్దు.

ఏమి తొడుక్కోవాలి

వేషం దగ్గర చాలామంది 15వ శతాబ్దపు పలకల కవచం నుంచి మొదలుపెడతారు. 13వ శతాబ్దపు పొడవాటి అంగీతో మొదలుపెట్టడం మేలు. నేరుగా కత్తిరించిన నార బట్ట, ముందూ వెనకా తొడల దాకా చీలిక. చీలిక పక్కన పెడితే జీను మీద బట్ట పోగుపడి తొడలు ఒరుసుకుపోతాయి. గుర్రమెక్కే యోధుల గొలుసు కవచాలకూ ముందూ వెనకే చీలిక ఉండేది. టెక్సస్ ఎండలో ఉన్ని జోలికి పోకుండా నారకో నూలుకో కట్టుబడండి.

మనవాళ్లకు మరో దారి ఉంది, అదంటే నాకు ప్రాణం. ఎస్‌సీఏలో గడువు 17వ శతాబ్దానికి ముందు కదా. విజయనగర కాలం మొత్తం అందులోకి వచ్చేస్తుంది. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాల్లో కబాయిలనే పొడవాటి తెల్లని అంగీలు, తల మీద కుళ్లాయిలనే ఎత్తయిన టోపీలు పెట్టుకున్న రాజోద్యోగులు వరుసగా నిలబడి ఉంటారు. బట్టల మీది చారలు, పూలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. పోర్చుగీసు వర్తకులు ఓడల్లో గుర్రాలు తెచ్చి అమ్మిన రాజ్యం అది. అరువు తెచ్చుకున్న ఫ్రెంచి వీరుడి పేరు పెట్టుకోవడం కన్నా విజయనగర రౌతుగా బరిలో దిగితే ఎవరైనా ఆగి అడుగుతారు, మీకు చెప్పడానికి కథ ఉంటుంది. పోయినేడు మా అమ్మ పంపిన చేనేత నూలు బట్టతో కబాయి కుట్టించుకున్నాను. చీలికలు మాత్రం జీనుకు తగ్గట్టు ముందూ వెనకా పెట్టించాను. ఉత్తరీయం వేసుకోలేదు. గుర్రం మీద వేలాడే బట్ట ఏదైనా దేనికో చిక్కుకుంటుంది.

రెండు చోట్ల మాత్రం చరిత్రను పక్కన పెట్టండి. మధ్యయుగపు చెప్పులకు మడమ ఉండదు. పడినప్పుడు పాదం రికాబులోంచి అవతలికి జారి ఇరుక్కుంటే గుర్రం ఈడ్చుకుపోతుంది. మడమ ఉన్న నేటి స్వారీ బూట్లే వేసుకోండి, పైన బట్ట చుట్టుకోవచ్చు. తల మీద ఏఎస్‌టీఎం అనే భద్రతా ప్రమాణపు ముద్ర ఉన్న స్వారీ హెల్మెట్టే పెట్టుకోండి. నా కుళ్లాయిని ఆ హెల్మెట్ మీద తొడిగే గుడ్డ తొడుగుగా కుట్టారు, సాగే పట్టీతో నిలుస్తుంది, తగిలితే ఊడిపోతుంది. ఒక్కసారి గట్టిగా నేలకు తగిలిన హెల్మెట్‌ను మళ్లీ వాడకండి.

మా తమ్ముడి శిరస్త్రాణం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అమ్మినవారు యుద్ధానికి పనికొస్తుందని రాశారట. కొలిపిస్తే రేకు ఒక్క మిల్లీమీటరు మందం. ఎస్‌సీఏలో నేల మీద నిలబడి బెత్తపు కర్రలతో కొట్టుకోవడానికే కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. గోడకు తగిలించుకోవడానికి అందంగానే ఉంటుంది.

కాబట్టి మేరీల్యాండ్, వర్జీనియా దరిదాపుల్లో ఉండి గుర్రమంటే ఇష్టపడేవారు ఉంగరాలకు వెళ్లండి. పిల్లలున్నవారికి ఇంతకన్నా మంచిది నాకు తెలియదు. చరిత్ర, కుట్టు, కథలు ఇష్టమైనవారు ఎక్కడున్నా ఎస్‌సీఏ తలుపు తట్టండి. గుర్రం ఇంకా దొరకనివారికి అక్కడ బట్టల పనే రెండేళ్లకు సరిపోతుంది. ఉక్కు మీద మోజున్నవారు ఈ రెండింట్లో ఒకదాన్ని మూడేళ్లు చేసి, అప్పుడు ఆలోచించండి.

గుర్రం లేకుండానే ఈ రోజు సాయంత్రం మొదలుపెట్టగల సాధన ఒకటుంది. భుజం ఎత్తున దారంతో ఒక గాజు వేలాడదీసి, పొడవాటి కర్ర చంకలో బిగించి, చేయి కదపకుండా మొదట నడుస్తూ, తర్వాత పరిగెత్తుతూ దూర్చండి. మా తమ్ముడు శనివారాలు స్వారీ పాఠాలకు వెళ్తున్నాడు. పోయిన వారం ఒక ఫొటో పంపాడు. గ్యారేజీ గుమ్మానికి దారం, దాని చివర చిన్న కూతురి ఎర్ర గాజు, కింద నేల మీద పగిలిన మరో మూడు.